మార్చిలో రాసుకున్న బేస్‌బాల్ అంచనాలు నిజమయ్యాయో లేదో ఎలా తేల్చాలి?

తిరుచానూరు రోడ్డు:

అందరికీ నమస్తే. మాది తిరుపతి. మా పెదనాన్న కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు, అన్న వల్లే నాకూ బేస్‌బాల్ పిచ్చి పట్టింది. అక్కడ రాత్రి ఏడింటికి మొదలయ్యే ఆట మనకు తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తుంది, లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ సొంత గ్రౌండ్‌లో ఆడితే మాత్రం ఏడున్నర దాటాక, హాయిగా టిఫిన్ తింటూ చూడొచ్చు. ఇక్కడ మా ఫ్రెండ్స్, అక్కడ అన్న వాళ్ల ఆఫీసు వాళ్లు కలిసి ఫాంటసీ లీగ్ (నిజం ఆటగాళ్లతో మన జట్లు కట్టుకుని, వాళ్ల అంకెలతో పోటీ పడడం) ఆడతాం. డబ్బులేం లేవు, పంతమే.

2025 సీజన్ మొదలయ్యే ముందు, ఒక్కో బ్యాటర్ ఎన్ని హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొడతాడు, సగటు (ఆడినదాంట్లో హిట్లు ఎంత వంతు) ఎంత వస్తుంది, స్టీల్స్ (ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడం) ఎన్ని చేస్తాడు అని ఎవరికి వాళ్లం రాసి షీట్ లాక్ చేశాం. నేను స్టీమర్, జిప్స్ లాంటి ప్రొజెక్షన్లు (పాత అంకెలతో ఫార్ములాలు కట్టే అంచనాలు) చూసి రాశా. అన్న మాత్రం ఆటలు చూసి తనకు అనిపించింది రాస్తాడు. సీజన్ అయిపోయింది, ఎవరిది కరెక్టు అనే దగ్గర ఇప్పుడు గొడవ. అన్న ఏమంటాడంటే, మారినర్స్ క్యాచర్ కాల్ రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు, నీ ఫార్ములాలు దాని దరిదాపుల్లోకైనా వచ్చాయా? హువాన్ సోటో 2024లో 7 స్టీల్స్ చేసినవాడు 2025లో 38 చేశాడు, అదైనా చెప్పాయా? ఇలాంటివి చెప్పలేనప్పుడు అవెందుకు? అని. ఆ మాటలో ఏదో తేడా ఉందని నాకు తెలుస్తోంది కానీ జవాబు దొరకడం లేదు. అంచనాలోంచి అసలు అంకె తీసేసి, వచ్చిన తేడాలన్నీ కూడితే సరిపోతుందా? గాయంతో నెలల తరబడి కూర్చున్నవాళ్లను లెక్కలో పెట్టాలా వద్దా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. సంక్రాంతికి అన్న వస్తున్నాడు, ఆలోపు తేల్చాలి.

యూనివర్సిటీ క్వార్టర్స్:

తమ్ముడూ, ఊరికే కూడితే కుదరదు. ఒకడికి 10 ఎక్కువ, ఇంకొకడికి 10 తక్కువ చెప్పావనుకో, ప్లస్సూ మైనస్సూ కొట్టుకుపోయి తప్పే లేదని వస్తుంది. గుర్తు తీసేసి తేడా ఎంతుంటే అంత తీసుకో, దానికి సగటు కట్టు. తేడాలను వర్గం చేసి సగటు కట్టి వర్గమూలం తీసే పద్ధతి కూడా ఉంది, కానీ అందులో పెద్ద తప్పుకి శిక్ష చాలా ఎక్కువ, రాలీ ఒక్కడే మీ అందరి మార్కులూ తారుమారు చేసేస్తాడు. రెండూ కట్టి పక్కపక్కన పెట్టు, తప్పులు అందరి దగ్గరా కొంచెం కొంచెం ఉన్నాయా, లేక ఇద్దరు ముగ్గురి దగ్గరే పోగుపడ్డాయా అనేది తెలిసిపోతుంది.

అసలు సంగతి వేరే ఉంది. ఆ ఏడుకొండలవాడే వచ్చి ఫలానా ఆటగాడి నిజమైన సత్తా 0.260 అని నీ చెవిలో చెప్పాడనుకో. వాకులు (నాలుగు చెడ్డ బంతులు పడితే కొట్టకుండానే మొదటి బేస్‌కి పోవడం) తీసేసి 550 సార్లు బ్యాటింగ్ చేశాడనుకుందాం. 0.26ని 0.74తో గుణించి, 550తో భాగించి, వర్గమూలం తీస్తే 0.0187 వస్తుంది, అంటే 19 పాయింట్ల (ఒక పాయింట్ అంటే 0.001) దాకా ఊగిసలాట. సత్తా ఇసుమంతైనా మారకుండానే వాడు 0.241 కొట్టొచ్చు, 0.279 కొట్టొచ్చు, ప్రతి ముగ్గురిలో ఒకడు ఆ హద్దులు కూడా దాటిపోతాడు. 0.279 వస్తే ఏం ఫామ్ సామీ అంటాం, 0.241 వస్తే పనైపోయిందంటాం. మనిషి మాత్రం అదే మనిషి. అంత పర్ఫెక్టుగా సత్తా తెలిసినా గుర్తు తీసేసిన తేడా సగటున 15 పాయింట్లు ఉండి తీరుతుంది. కాబట్టి బ్యాటింగ్ సగటులో నీ తప్పు 20 పాయింట్లు వస్తే దిగులు పడకు, సున్నాతో కాదు 15తో పోల్చుకో.

దామలచెరువు:

సార్ చెప్పింది ఇంతకంటే బాగా రాదు అనే హద్దు. ఇంతకంటే చెడ్డగా ఉండకూడదు అనేదానికీ ఒక హద్దు కావాలి కదా, దానికి మార్సెల్ వాడు. టామ్ టాంగో అనే ఆయన కావాలనే మొరటుగా తయారు చేసిన లెక్క ఇది, పేరు కూడా టీవీ సీరియల్‌లోని ఒక కోతిది. ఇంతకంటే తక్కువ తెలివితో అంచనా వేయలేం, దీన్ని దాటలేని పద్ధతి దండగ అని ఆయన ఉద్దేశం.

చేతిలో కాలిక్యులేటర్ ఉంటే చాలు. ఒకడు పోయినేడు 30, అంతకుముందు 20, దాని ముందు 10 హోమ్ రన్లు కొట్టాడు, మూడేళ్లూ 600 బ్యాటింగ్ ఛాన్సులే అనుకుందాం. దగ్గరి ఏడాదికి 5, తర్వాతిదానికి 4, పాతదానికి 3 బరువు వేస్తే 150, 80, 30 కలిపి 260. ఛాన్సులు కూడా అలాగే లెక్కేస్తే 7,200. ఇప్పుడు లీగ్‌లో సగటు ఆటగాడివి 1,200 ఛాన్సులు దీనికి కలపాలి, నూటికి 3 హోమ్ రన్ల చొప్పున 36. మొత్తం 8,400 ఛాన్సుల్లో 296, అంటే నూటికి మూడున్నర. వచ్చే ఏడాది ఛాన్సులు ఎన్ని అంటే, పోయినేటిలో సగం, దాని ముందేటిలో పదో వంతు, ఆ పైన 200, కలిపితే 560. అన్నీ వేస్తే సుమారు 20 హోమ్ రన్లు. వయసుకి కొంచెం సర్దుబాటు ఉంటుంది, 29కి లోపలుంటే కాస్త పెంచుతారు, దాటితే తగ్గిస్తారు.

నిన్న 30 కొట్టినవాడికి 20 ఏంటి అని అందరికీ అనిపిస్తుంది. మా వైపు పూత మీద తోతాపురి తోట గుత్తకు పట్టేవాళ్లను చూడు, చెట్టు విరగబూసిందని రేటు పెంచేయరు, వెనకటి మూడు కాపులు అడుగుతారు, చుట్టుపక్కల తోటల్లో ఎంత దిగిందో అడుగుతారు, ఆ తర్వాతే అడ్వాన్సు తీస్తారు. మార్సెల్ చేసేది అచ్చంగా అదే. మీ షీట్‌లో మార్సెల్ అని ఇంకో కాలమ్ పెట్టు. నువ్వు దాన్ని దాటావా, అన్న దాటాడా, అదే మీ పందెం తేల్చేది.

గాయాల సంగతికొస్తే, ఎంత బాగా ఆడాడు అనేది ఒక ప్రశ్న, ఎన్నిసార్లు ఆడాడు అనేది ఇంకో ప్రశ్న, రెండూ కలిపితే ఏదీ తేలదు. రొనాల్డ్ అకూన్యా 2023లో 41 హోమ్ రన్లు, 73 స్టీల్స్ చేశాడు. 2024 మే నెలలో మోకాలి లిగమెంట్ తెగి 49 ఆటలకే ఇంటికి పోయాడు. మొత్తం హోమ్ రన్లు పెట్టి పోలిస్తే ప్రపంచంలో ప్రతి అంచనా అక్కడ ఘోరంగా ఫెయిలే. ఛాన్సుకి ఎన్ని అనే రేటు ఒక పట్టికలో, ఛాన్సులు ఇంకో పట్టికలో వేసుకో. తక్కువ ఆడినవాళ్లను పీకేయాలని మాత్రం అనుకోకు, బాగా ఆడనివాణ్ణే కదా కోచ్ కూర్చోబెట్టేది, వాళ్లను తీసేస్తే మిగిలేది బాగా ఆడినవాళ్లే. అందరినీ ఉంచి, ఎవరు ఎన్ని ఛాన్సులు ఆడారో ఆ బరువుతో సగటు కట్టు.

పుంగనూరు:

అన్న తరఫున నేను మాట్లాడతా. సగటు తేడా, మూలం తేడా అన్నీ బాగానే ఉన్నాయి కానీ లీగ్ గెలిచేది ఎవరూ ఊహించనివాణ్ణి ముందే పట్టుకున్నవాడే కదా. హోసే బటిస్టా 2009లో 13 హోమ్ రన్లు కొట్టాడు, 2010లో 54. గాలివాటం కాదు, 2011లో మళ్లీ 43 కొట్టాడు. బ్యాట్ ఊపే టైమింగ్ మార్చుకున్నాడు, అది కంటితో చూసినవాడికి తెలుస్తుంది, వెనకటి మూడేళ్ల అంకెలు తిప్పుకునేవాడికి తెలియదు. అందరికీ మధ్యస్థంగా చెప్పి తప్పు తగ్గించుకోవడం సేఫ్ గేమ్. నేనైతే దాన్ని జోస్యం అనను.

యూనివర్సిటీ క్వార్టర్స్:

బటిస్టా విషయం ఒప్పుకుంటా. మరి బ్రేడీ ఆండర్సన్? 1996లో 50 కొట్టాడు, అంతకుముందు ఆయన బెస్టు 21, మరుసటి ఏడు 18. ఆ 50 చూసినప్పుడు కూడా ఆట మారిపోయిందనే అనిపించి ఉంటుంది. ఎగిరినవాళ్ల పేర్లు అక్టోబర్‌లో అందరికీ గుర్తుంటాయి, ఎగురుతాడని చెప్పి ఎగరనివాళ్ల పేర్లు ఎవరూ తీయరు. అందుకే షీట్ లాక్ చేయడం చాలా మంచి పని. రాలీకి అన్న మార్చిలో ఎంత రాశాడో చూడు తమ్ముడూ. అంతకుముందు మూడేళ్లు వరుసగా 27, 30, 34 కొట్టినవాడికి 60 అని రాయడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

పుంగనూరు గారు అడిగినదానికి దారి ఏంటంటే, ఒక్క అంకె రాయకుండా ఇంత నుంచి ఇంత వరకు అని రాయడం. 2003లో నేట్ సిల్వర్ తెచ్చిన పెకోటా అనే ప్రొజెక్షన్ పద్ధతి చేసింది ఇదే, బాగా కలిసొస్తే ఎంత, అస్సలు కలిసిరాకపోతే ఎంత అని శాతాల వారీగా ఇచ్చింది. పదిమందిలో ఎనిమిది మంది నా హద్దుల్లోనే ఉంటారు అని రాస్తే, తర్వాత లెక్కపెట్టుకోవచ్చు. తొమ్మిదిన్నర మంది లోపలే ఉన్నారంటే నువ్వు భయపడి హద్దులు వెడల్పుగా వేశావు, ఆరుగురే ఉన్నారంటే నీకు నమ్మకం ఎక్కువైంది. వందల మంది బ్యాటర్లు ఉన్నచోట నూటికి ఒకడు రాలీలా ఎగిరిపోవడం ఏటా జరగాల్సిందే, అస్సలు జరగకపోతేనే హద్దులు తప్పు.

గాంధీ రోడ్డు:

ఒక చిన్న విషయం. పాత సీజన్లు కూడా చెక్ చేస్తే రూల్స్ మారిన ఏడాది జాగ్రత్త. 2023లో బేస్‌ని 15 అంగుళాల నుంచి 18కి పెంచారు, పిచ్ క్లాక్ (పిచర్ బంతి వేయడానికి టైమ్ లిమిట్) పెట్టారు, పికాఫ్‌లకు (బేస్ మీదున్నవాణ్ణి ఔట్ చేయడానికి పిచర్ అటు విసరడం) పరిమితి వచ్చింది. లీగ్ మొత్తం స్టీల్స్ 2,486 నుంచి 3,503కి ఎగబాకాయి. ఆ ఏడు అందరి అంచనాలూ తక్కువే పడతాయి, ఆటగాళ్లను సరిగ్గా చదవలేకపోయారని కాదు. లీగ్ సగటు కంటే ఎంత పైన, ఎంత కింద అని మార్చుకుని పోల్చండి.

తిరుచానూరు రోడ్డు:

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు రాత్రులు కూర్చుని మార్సెల్ కాలమ్ వేశా, రేటు వేరు, ఛాన్సులు వేరు చేశా. రాలీకి అన్న రాసింది 32, ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. బ్యాటింగ్ సగటులో నేను, అన్న, మార్సెల్ ముగ్గురం దాదాపు ఒకటే. హోమ్ రన్ రేటులో నేను మార్సెల్‌ని దాటా, అన్న దాటలేదు. కానీ కొత్త కుర్రాళ్ల దగ్గర మాత్రం అన్నది నాకంటే, మార్సెల్ కంటే చాలా బాగుంది. అథ్లెటిక్స్ కుర్రాడు నిక్ కర్ట్జ్ మొదటి సీజన్‌లోనే 36 కొట్టాడు కదా, ఆ అబ్బాయిని అన్న కాలేజీలో ఆడేటప్పటి నుంచీ చూస్తున్నాడట. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

దామలచెరువు:

మార్సెల్‌కి కొత్తవాడంటే లీగ్ సగటు ఆటగాడే, వెనక అంకెలు లేవు కాబట్టి. అక్కడ దాన్ని దాటడం సులభం, అది గుర్తుపెట్టుకో. కానీ నిన్ను కూడా దాటాడంటే అన్నకి నిజంగా కన్ను ఉంది, ఆ క్రెడిట్ ఆయనకి ఇవ్వాలి. కొత్తవాళ్లకి వేరే పట్టిక పెట్టండి. 2026కి కొత్త కుర్రాళ్లను అన్న రాయాలి, పాతవాళ్లను నువ్వు రాయాలి, ఇద్దరిదీ కలిపి ఒక షీట్, అదే మీ బెస్టు అంచనా అవుతుంది. పిచర్ల జోలికి వెళ్తే మాత్రం ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడే పరుగుల సగటు) మొదలుపెట్టకు, అందులో వెనక ఫీల్డింగ్ చేసేవాళ్ల వాటా చాలా ఉంటుంది. స్ట్రైకౌట్లు, వాకులు ముందు చూసుకో.