లేబర్ రూంలో విద్యార్థి చేసే పరీక్షకు విడిగా అనుమతి అడగాలా?

ఫైనలియర్ విద్యార్థిని:
ప్రభుత్వ బోధనాసుపత్రిలో మా ప్రసూతి విభాగం పోస్టింగు ఈమధ్యే ముగిసింది. నొప్పులతో ఉన్న స్త్రీకి గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందో పీజీ (స్పెషలిస్టు కోర్సు చదువుతున్న డాక్టరు) చేత్తో చూశాక, నేర్చుకోవడం కోసం అదే పరీక్షను మా చేత కూడా చేయించేవారు. చేర్చుకునేటప్పుడు అత్తగారో భర్తో పెట్టిన సంతకం అన్నిటికీ చెల్లుతుందని అక్కడివారి అభిప్రాయం. ఆమెనే విడిగా అడగాలని నేనంటాను.

పీజీ, రెండో సంవత్సరం:
అడిగితే ఎంతమంది ఒప్పుకుంటారమ్మా? శిక్షణకు వాడే బొమ్మ మీద నాలుగు సెంటీమీటర్లంటే నాలుగే. మనిషిలో ముఖద్వారం వెనక్కి తిరిగి ఉంటుంది, ఉమ్మనీటి సంచి ఉబికి వేళ్లకు అడ్డొస్తుంది, ఇంతలో మరో నొప్పి వస్తుంది. ఇప్పుడు నేర్చుకోనివారు రేపు పీహెచ్‌సీలో ఒంటరిగా ఉన్నప్పుడు ఏం నిర్ణయిస్తారు?

విశ్రాంత ప్రొఫెసర్, ప్రసూతి విభాగం:
నేర్చుకోవాలన్నదానిలో వివాదం లేదు. అయితే ఇబ్బందులు లేని కాన్పులో, నొప్పులు ఊపందుకున్నాక నాలుగు గంటలకొకసారి చేతి పరీక్ష చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఉమ్మనీరు పోయాక పరీక్షలు పెరిగేకొద్దీ ఇన్ఫెక్షన్ ముప్పూ పెరుగుతుంది కనుక, పీజీ తరువాత ముగ్గురు విద్యార్థులు వరుసగా చూడటం మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఇక సంతకం సంగతి: లాపరోస్కోపీకని (పొట్టలోకి సన్నని గొట్టం పంపి చూసే పరీక్ష) మత్తులో ఉంచిన స్త్రీకి, తల్లి అనుమతితో గర్భాశయం తొలగించిన సమీరా కోహ్లి కేసులో, మేజరైన రోగి తరఫున తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే తీర్పిచ్చింది. అత్తగారి సంతకానికి అంతకన్నా బలమెక్కడిది?

అడిగే వేళ కూడా ముఖ్యమే. నొప్పి ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు “చూడమంటారా?” అంటే ఎవరైనా తల ఊపుతారు, దాన్ని ఒప్పుకోలు అనలేము. కాన్పుకు ముందే వార్డులో విద్యార్థి పేరు చెప్పుకుని, ఆమెతో కూర్చుని, బీపీ చూసి, నొప్పులు లెక్కపెడుతూ కాన్పు దాకా తోడుంటే, చాలామంది ఒప్పుకోవడం నేను చూశాను. ఒప్పుకోకపోతే కేస్ షీట్లో రాసి ఊరుకోవాలి.

పీజీ, రెండో సంవత్సరం:
వార్డులో ఉన్నవారి విషయంలో సరే, మేడమ్. అర్ధరాత్రి 108లో నేరుగా నొప్పులతో దిగేవారిని ఎప్పుడు అడగాలి?

విశ్రాంత ప్రొఫెసర్, ప్రసూతి విభాగం:
అడిగే వ్యవధి లేనప్పుడు విద్యార్థి చేయి వేయకూడదు. అలా అర్ధరాత్రి వచ్చేవారిలో చాలామందికి బీపీయో, ముందే ఉమ్మనీరు పోవడమో ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి అవి తగిన కేసులు కూడా కావు.