నల్లగా, ఎర్ర కళ్లతో ఉంది. కోయిలేనా?

కొరిటెపాడు వాసి: పొద్దున ఆరింటి నుంచి తొమ్మిది దాకా పెరట్లోనే ఉన్నానండి. నల్ల పక్షి, కళ్లు నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. కోయిలేమోనని ఫోన్‌లో దాని కూత పదిసార్లు పెట్టాను, పలకలేదు. నాన్నగారేమో కాకి అంటున్నారు. తల పగిలిపోతోంది, ఎవరైనా చెప్పండి.

బెజవాడ పిట్టలు: ముక్కు రంగు?

మొగల్రాజపురం మాస్టారు: నలుపు, ఎర్ర కన్ను అంటే మగ కోయిలే. ఆడది గోధుమరంగు, ఒళ్లంతా తెల్లచుక్కలు. గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల కాకి పిల్లలకంటే ముందే గుడ్డులోంచి బయటికొస్తుంది. అందుకే అంటాను, వీధిలో కాకి గూడున్న వేపనో రావినో కొట్టేస్తే కోయిలకూ చోటుండదు. ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ పట్టదు. ఫోన్‌లో కూతలు పెట్టి వాటిని కంగారు పెట్టడం కూడా మానండి.

తెనాలి పాఠకురాలు: మాస్టారూ, కోకిల అని రాయాలి కదా?

మొగల్రాజపురం మాస్టారు: కోకిల సంస్కృతం, కోయిల తెలుగు. పిట్ట ఒకటేనమ్మా.

బెజవాడ పిట్టలు: ముక్కు రంగు అడిగాను. ఉన్నది కొమ్మ మీదా, నేల మీదా?

కొరిటెపాడు వాసి: ముక్కు నలుపే, లావుగా ఉంది. గోడవార పొదల్లో నడుస్తూ నత్తల్ని తింటోంది. రెక్కలు మాత్రం ఇటుక రంగు. మిగతా ఒళ్లంతా నలుపే కదా అని రాయలేదు.

బెజవాడ పిట్టలు: జెముడుకాకి. మగ కోయిల ముక్కు లేత ఆకుపచ్చ. అది నేల మీద నడవదు, చెట్టు మీద పండ్లు తింటుంది.

తెనాలి పాఠకురాలు: మా ఇంట్లో చెముడుకాకి అంటాం. ఎదురొస్తే మంచి శకునమని అమ్మమ్మ ఆగి మరీ చూసేది. ‘ఊప్ ఊప్’ అని గొంతు లోపలి నుంచి అరుస్తుంది.

బెజవాడ పిట్టలు: జెముడుకాకే సరైన పేరు.

తెనాలి పాఠకురాలు: మా ఊళ్లో ఎవరూ అలా అనరండీ.

మొగల్రాజపురం మాస్టారు: రెండూ వాడుకలో ఉన్నాయి. రెక్కల రంగు ముందే తెలిస్తే నేనూ కోయిల అనేవాణ్ని కాదు. పేరులో కాకి ఉన్నా ఇది కోయిల కుటుంబమే. కానీ గూడు తనే కట్టుకుంటుంది, దట్టమైన పొదలో గుండ్రంగా. ఆడా మగా ఒకేలా ఉంటాయి. పిల్లల్ని సాకడంలో ఎక్కువ పని మగదే.

కొరిటెపాడు వాసి: అవును, ఊప్ ఊప్ అనే వినపడుతోంది! రేపు ఆ పొద కొట్టించాలని మనిషిని పిలిచాం. గూడుందేమో ఎలా తెలుస్తుంది?

మొగల్రాజపురం మాస్టారు: చేత్తో కదపకండి. దూరంగా కూర్చుని, ఆకులో పుల్లలో నోట కరుచుకుని లోపలికి వెళ్తోందేమో చూడండి. మన దగ్గర ఎక్కువగా వానాకాలంలోనే గుడ్లు పెడుతుంది.

కొరిటెపాడు వాసి: సరే, మనిషిని వద్దన్నాం. థాంక్సండి.