వర్లీ బీడీడీ చాల్‌ని మొదట జైలుగానే కట్టారా? మామ ఖోలీ గురించి సలహా కూడా కావాలి

సాంచాల మనవడు

నమస్తే అందరికీ. మాది సిరిసిల్ల, నేను ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నా. మా తాత, అంటే అమ్మ వాళ్ల నాన్న, చిన్న వయసులోనే బొంబాయి పోయి మిల్లులో సాంచా (మరమగ్గం) మీద పనికి కుదిరి, వర్లీ బీడీడీ చాల్‌లో, అంటే వరసగా ఒంటిగది ఇళ్లుండే సర్కారు బిల్డింగుల్లో, ఒక ఖోలీ (గది) సంపాదించుకున్నాడు. అమ్మ అక్కడే పుట్టింది. 1982 సమ్మె తర్వాత మిల్లు మళ్లీ తెరుచుకోకపోయేసరికి తాత ఊరికి వచ్చేశాడు, మేనమామ మాత్రం ఏవో చిన్న చిన్న పనులు చూసుకుని అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు మామకి డెబ్భై దాటాయి. వాళ్ల బిల్డింగు కూల్చడానికి ఖాళీ చేయించారు, నెలకు 25 వేల అద్దె డబ్బు తీసుకుంటూ బయట ఉంటున్నాడు, టవర్‌లో 500 చదరపు అడుగుల ఫ్లాటు వస్తుందట.

రెండు సంగతులు అడగాలి.

ఒకటి, తాత బతికున్నప్పుడు ఎప్పుడూ ఒకటే అనేవాడు, "అది తెల్లోడు జైలు కోసం కట్టింది రా, అందుకే గోడకి మేకు కూడా దిగదు" అని. మా బావ అదేం కాదు, అది మిల్లు కార్మికుల కోసమే కట్టారు, అంబేడ్కర్ గారు కూడా అందులోనే ఉన్నారు అంటాడు. ఎవరిది నిజం?

రెండోది అసలు టెన్షన్. మామ వెళ్తానంటాడు, మర్నాడే వద్దంటాడు. లాటరీలో ముప్పయ్యో అంతస్తు వస్తే ఎలా, లిఫ్టు ఆగిపోతే ఎలా, నెలనెలా మెయింటెనెన్స్ ఎవడు కడతాడు అని. ఈలోగా ఒక బ్రోకర్ ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు, ఇప్పుడే రాసిస్తే అడ్వాన్స్ ఇస్తానని. బావకి అమ్మేసి కళ్యాణ్ వైపు కొనాలని ఉంది. అత్తయ్య మాత్రం వర్లీ దాటి రానని తెగేసి చెప్పింది. అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మూడో అంతస్తు

తమ్ముడూ, నేను వర్లీ చాల్‌లోనే పుట్టి పెరిగాను, పెళ్లయ్యాక థాణే వచ్చాను. మాది కరీంనగర్ వైపు పద్మశాలి కుటుంబం. మీ తాత చెప్పిన మేకు సంగతి అక్షరాలా నిజం, దేవుడి పటం తగిలించాలంటే మా నాన్న డ్రిల్లు అరువు తెచ్చేవాడు. జైలు సంగతి తెలిసినవాళ్లు చెప్తారు, నేను ఇల్లు ఎలా ఉండేదో చెప్తాను, ఎందుకంటే ఈ మధ్య అందరూ చాల్ జీవితం ఎంత బాగుండేదో అని తెగ రాస్తున్నారు, వాళ్లలో ఎంతమంది పొద్దున్నే బకెట్ పట్టుకుని లైన్లో నిలబడ్డారో నాకు డౌటే.

ఒక్కో బిల్డింగు కింద ఒకటి, పైన మూడు అంతస్తులు. అంతస్తుకి 20 ఖోలీలు, మధ్యలో పొడుగ్గా నడవా, అటు పది ఇటు పది తలుపులు. ఖోలీ 160 చదరపు అడుగులు. అందులోనే ఒక మూల మోరి, అక్కడే స్నానం, అక్కడే అంట్లు, దాని పక్కనే స్టవ్వు. మేము ఏడుగురం. రాత్రి నాన్న, అన్నలు నడవాలో చాప వేసుకునేవాళ్లు. మిల్లులు నడిచినప్పుడు ఇంకా నయమట, షిఫ్టులు కాబట్టి ఒకరు పడుకుని లేచేసరికి ఇంకొకరు వచ్చేవాళ్లు. మరుగుదొడ్లు అంతస్తు మొత్తానికి కలిపి. వాన పడితే స్లాబు కారేది, పెచ్చులు ఊడి లోపలి ఇనుప చువ్వలు కనిపించేవి, మా పక్కింటి పిల్లాడి మీద ఒకసారి పడ్డాయి కూడా, దేవుడి దయ వల్ల భుజం మీద పడ్డాయి.

బాగున్నవి లేవా అంటే ఉన్నాయి. బతుకమ్మ పేర్చితే పక్కన మరాఠీ ఆంటీలు కూడా పూలు తెచ్చేవాళ్లు. జాంబోరీ మైదానంలో దహీ హండీ అంటే మాకు సంక్రాంతి కన్నా పెద్ద పండగ. అమ్మకి ఒంట్లో బాగోకపోతే ఎవరో ఒకరు చారు గిన్నె పెట్టి వెళ్లేవాళ్లు, తలుపులు ఎప్పుడూ తెరిచే ఉండేవి కదా. కానీ తలుపు తెరిచి ఉంచింది ప్రేమతో ఒక్కటే కాదు, మూస్తే గాలి రాదు.

మీ మామని వెళ్లమనండి. ఇంట్లో సొంత బాత్రూం ఉండటం అంటే ఏంటో మీ అత్తయ్యని అడగండి, ఆవిడ చెప్తుంది.

పాత పటాలు

జైలు కథకి సమాధానం: మీ తాత, మీ బావ ఇద్దరూ సగం సగం కరెక్టు.

బీడీడీ అంటే బాంబే డెవలప్‌మెంట్ డైరెక్టరేట్. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక బొంబాయిలో ఇళ్ల కరువు విపరీతంగా ఉండేది, గవర్నర్ జార్జ్ లాయిడ్ 1920లో ఈ శాఖ పెట్టించాడు. ప్లాను పెద్దది, కార్మికులకి 50 వేల ఒంటిగది ఇళ్లు. డబ్బు కోసం నగరంలోకి వచ్చే ప్రతి పత్తి బేలు మీద రూపాయి పన్ను వేశారు. అంటే పత్తి నేసేవాడి గదికి పత్తే డబ్బు కట్టిందన్నమాట. చివరికి కట్టినవి 207 బిల్డింగులు. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డు మీద, అంటే ఇప్పటి ఎన్.ఎం. జోషీ మార్గ్‌లో 32, శివడీలో 12. ఒక్కోదానికి 80 గదుల లెక్కన పదహారు వేల పైచిలుకు, అనుకున్నదాంట్లో మూడో వంతు. ఇదే శాఖ బ్యాక్‌బే దగ్గర సముద్రం పూడ్చే పనీ తలకెత్తుకుని డబ్బు తగలేసింది, దాన్ని జనం "లాయిడ్ పిచ్చిపని" అని వెక్కిరించారు.

ఇప్పుడు అసలు విషయం. కట్టిన తర్వాత వర్లీ గదులు చాలా ఏళ్లు ఖాళీగా పడున్నాయి. అప్పట్లో వర్లీ అంటే ఊరి చివర. బజారు దూరం, మిల్లు దూరం, రాకపోకలకు సరైన దారి లేదు. సిమెంటు గోడలు ఎండాకాలం కాలిపోయేవి. కార్మికుడు ఊళ్లో ఇరుకు గదిలో పదిమందితో ఉండటానికైనా ఒప్పుకున్నాడు కానీ అక్కడికి పోలేదు, ఎందుకంటే మిల్లు గేటు దగ్గర లేకపోతే బద్లీ పని, అంటే రానివాళ్ల బదులు చేసే రోజు పని, కూడా దొరకదు. అంత ఖాళీగా ఉన్నాయి కాబట్టే 1930లో శాసనోల్లంఘన ఉద్యమంలో జైళ్లు నిండిపోయినప్పుడు సర్కారు వర్లీ చాళ్లకి కంచె వేసి తాత్కాలిక జైలు చేసింది. సత్యాగ్రహుల్ని అక్కడ పెట్టారు. మీ తాత విన్న కథ అక్కడ్నుంచి వచ్చింది. జైలు కోసం కట్టలేదు, ఎవరూ రాకపోతే జైలు అయింది. నాకైతే ఇది ఇంకా పెద్ద తిట్టులా అనిపిస్తుంది.

అంబేడ్కర్ గారి విషయం మాత్రం బావ పొరబడ్డాడు. ఆయన ఉన్నది పరేల్ బీఐటీ చాల్‌లో. అది బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టుది, 1896 ప్లేగు తర్వాత 1898లో పెట్టిన వేరే సంస్థ. చాలా ఏళ్లు అక్కడ ఉండి తర్వాత దాదర్‌లో రాజగృహ కట్టుకుని వెళ్లారు. రెండు పేర్లూ దగ్గర దగ్గరగా ఉండి అందరూ కలిపేస్తారు. అలాగని అంబేడ్కర్ ఉద్యమానికీ వర్లీ బీడీడీకీ సంబంధం లేదని కాదు, 1974 జనవరిలో దళిత్ పాంథర్స్ అనే దళిత యువకుల సంఘం సభ తర్వాత గొడవలు జరిగింది ఆ చాళ్ల మధ్యనే.

ఒక పక్క మాట, మన హైదరాబాద్‌లో 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కూడా అదే కాలం సంగతి, అక్కడ ప్లేగు తొందర పెడితే ఇక్కడ మూసీ వరద. ఆ కథ ఇంకోసారి.

కాంక్రీటు బాబాయ్

నేను సివిల్ ఇంజినీర్‌ని, బొంబాయిలో ఎనిమిదేళ్లు చేశాను (ఈ ప్రాజెక్టులో కాదు). అందరూ చప్పట్లు కొడుతున్నారు కాబట్టి ఒక పుల్లవిరుపు మాట చెప్తాను.

వర్లీ, నాయ్‌గావ్, జోషీ మార్గ్ మూడూ కలిపి 15,593 మంది కిరాయిదారులు. మహారాష్ట్ర సర్కారు గృహనిర్మాణ సంస్థ మ్హాడా ఈ కిరాయిదారులకి ఉచితంగా ఫ్లాట్లు ఇస్తోంది, ఆ ఖర్చు మిగిలిన జాగాలో కట్టే అమ్మకం టవర్ల నుంచి రావాలి. అంటే నాలుగంతస్తుల బిల్డింగులూ మధ్యలో మైదానాలూ ఉన్న చోట పాతవాళ్లూ కొత్తవాళ్లూ అందరూ నిలువుగా నిలబడాలి. టవరుకీ టవరుకీ మధ్య ఎంత దూరం, కింది అంతస్తుకి ఎండ ఎంత అనేది అసలు ప్రశ్న. పెద్ద పెద్ద ప్లానర్లు ఇదే పట్టుకుని హైకోర్టుకి వెళ్లారు, అక్కడ నిలవలేదు. గోవండి దగ్గర నట్వర్ పారేఖ్ కాంపౌండ్, మాన్‌ఖుర్ద్ దగ్గర లల్లూభాయ్ కాంపౌండ్‌లో పునరావాస బిల్డింగుల మీద డాక్టర్లు అధ్యయనం చేస్తే వెలుతురు, గాలి లేని కింది అంతస్తుల వాళ్లకి టీబీ ఎక్కువగా కనిపించింది. అవి ఇంతకన్నా చాలా చవక కట్టడాలు, గదులు కూడా చిన్నవి, కాబట్టి వర్లీ అలాగే అవుతుందని నేను అనను. కానీ మీ మామ ముప్పయ్యో అంతస్తు వస్తుందని భయపడుతున్నాడే, నేనైతే మూడో అంతస్తు వస్తుందేమోనని భయపడతాను.

పాత చాల్‌ని రిపేరు చేయొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. సముద్రపు గాలికి వందేళ్లు నానిన కాంక్రీటు అది, లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బిపోయింది. అతుకులు వేసి ఇంకో పదేళ్లు లాగొచ్చు, అంతే. పైగా అది అప్పట్లో కొత్త పద్ధతి, ఈ దేశంలో కాంక్రీటుతో అంత పెద్ద ఎత్తున ఇళ్లు కట్టడం అప్పటికి కొత్త. వందేళ్లు నిలబడిందంటే దండం పెట్టాలి.

మూడో అంతస్తు

బాబాయ్ గారూ, ఎండ సంగతి ఒప్పుకుంటాను. కానీ మా చాల్‌లో నడవా పగలు కూడా లైటు వేసుకోవాలి, మధ్య ఖోలీల్లో ఏ ఎండ ఉండేది? ఆ రోజుల్లో కోర్టుకి ఎవరూ వెళ్లలేదేం?

కాంక్రీటు బాబాయ్

అమ్మా, దానికి నా దగ్గర సమాధానం లేదు. మీరు గెలిచారు.

గుమాస్తా

చరిత్ర అయింది కదా, ఇప్పుడు కాగితాల సంగతి చెప్తా, ఎందుకంటే మీరు అడిగినదాంట్లో మునిగిపోయేది అదే. నేను ముంబైలో ఒక వకీలు దగ్గర పదేళ్లు గుమాస్తాగా చేశాను.

ముందు ఒకటి చూడండి, ఖోలీ ఎవరి పేరు మీద ఉంది? తాత పేరు మీదే ఇంకా ఉందా, మామ పేరుకి మారిందా? ఊరికి వచ్చేసిన వాళ్ల కుటుంబాల్లో ఇదే పెద్ద ముడి. ఆ ఇల్లు సర్కారుది, మీవాళ్లు కిరాయిదారులు, రికార్డు బీడీడీ చాళ్ల డైరెక్టర్ ఆఫీసులో ఉంటుంది. పాత కిరాయి పావతులు (రసీదులు), తాత మరణ ధృవీకరణ పత్రం, రేషన్ కార్డు, కరెంటు బిల్లులు అన్నీ ఒక ఫైల్లో పెట్టించండి. మీ అమ్మగారు కూడా వారసురాలే, ఆవిడ సంతకం అడుగుతారు, ఇప్పుడే మాట్లాడుకోండి, తర్వాత అన్నాచెల్లెళ్ల మధ్య పేచీ వస్తుంది. (నేను ఇలాంటివి ఎన్ని చూశానో. ఒక కుటుంబం 160 అడుగుల కోసం పన్నెండేళ్లు మాట్లాడుకోలేదు.)

బ్రోకర్‌ని గుమ్మం ఎక్కనివ్వద్దు. కేటాయింపు పత్రం చేతికి రాకముందు రాసిచ్చే ఏ కాగితమైనా మీ మామ మెడకే చుట్టుకుంటుంది. ఉచితంగా వచ్చే పునరావాస ఫ్లాట్ల అమ్మకానికి షరతులుంటాయి, ఒప్పందంలో ఆ పేరా ఎవరైనా మరాఠీ చదివేవాళ్లతో చదివించుకోండి, ఆ తర్వాతే బావ కళ్యాణ్ గురించి మాట్లాడాలి.

మెయింటెనెన్స్ విషయంలో 12 ఏళ్లు మ్హాడాయే చూసుకుంటుందని ప్రకటించారు. మామ వయసుకి అది చిన్న మాట కాదు. ఆ తర్వాత సొసైటీ మీద పడుతుంది, అప్పుడు ఇంట్లో సంపాదించేవాళ్లు ఎవరో వాళ్లు ఆలోచించుకోవాలి. అమ్మకుండా అద్దెకిచ్చి సిరిసిల్లలో ఉండొచ్చు కదా అని కూడా కొందరు అంటారు, దానికి కూడా ఆ షరతుల పేరాయే చూడాలి.

ఆ చాళ్లలో పోలీసు సిబ్బందికి ఉద్యోగ క్వార్టర్లుగా ఇచ్చిన ఖోలీలూ చాలా ఉన్నాయి. వాళ్లకి ఉచితం కాదు, మొదట 50 లక్షలు అన్నారు, గోల చేస్తే తగ్గించుకుంటూ 15 లక్షలకి వచ్చారు. మీ మామకి పైసా లేకుండా వస్తోంది. ఆ తేడా ఆయనకి ఒకసారి చెప్పండి.

సాంచాల మనవడు

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి ఇవన్నీ మామకి ఫోన్లో చదివి వినిపించాను, గంటంబావు పట్టింది. జైలు సంగతి విని చాలాసేపు నవ్వాడు, "మీ తాతకి ఎవరో ముసలి జాబర్, మిల్లులో పనివాళ్లని పెట్టుకునే మేస్త్రీ, చెప్పి ఉంటాడు, అన్ని విషయాలూ వాడే చెప్పేవాడు" అన్నాడు. పావతులు ఉన్నాయట, 1960ల నుంచి ఒక రేకు డబ్బాలో. పేరు మాత్రం తాతదే ఉంది, మార్చలేదు. గుమాస్తా గారు చెప్పినట్టు అమ్మతో మాట్లాడాను, సంతకం ఏముంది రా, వాడే కదా అక్కడ ఉన్నది అంది.

2025 ఆగస్టు 14న వర్లీలో మొదటి 556 ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు కదా, అందులో మామ స్నేహితుడు ఒకాయన ఉన్నాడు, 40 అంతస్తుల బిల్డింగు. మామ వెళ్లి చూసొచ్చాడట, ఈ మాట నాకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఎలా ఉంది అంటే, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, కానీ ఆయన ఇంటి తలుపు మూసుకుని ఉంది, బెల్లు కొట్టాల్సి వచ్చింది అన్నాడు. అదీ ఆయన బాధ. అత్తయ్య పక్కనుంచి "బెల్లు కొడితే వేలు అరిగిపోతుందా" అంది.

బావ ఇంకా కళ్యాణ్ అంటున్నాడు. వచ్చే నెల నేను వెళ్తున్నాను, డబ్బాలోని కాగితాలన్నీ స్కాన్ చేస్తాను. గుమాస్తా గారూ, మీకు మెసేజ్ పెట్టొచ్చా?

గుమాస్తా

పెట్టండి. రేకు డబ్బా మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులు ఇవ్వండి.