మూడేళ్ల బాబు చెల్లిని కొడుతున్నాడు, ఎవరికి చూపించాలి?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తల్లి):
మా వాడికి మూడేళ్లు నిండాయి. కోపం వస్తే చేతికి ఏది దొరికితే అది విసురుతాడు. నిన్న స్టీలు చెంబుతో ఏడు నెలల చెల్లి నుదుటి మీద కొట్టాడు, బొప్పి కట్టింది. తన తల గోడకేసి బాదుకుంటాడు. మాటలు రెండు మూడే. "మగపిల్లవాడు, వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే" అంటారు మా అత్తగారు. రెండు తగిలిస్తే దారికొస్తాడని మా ఆయన. దీనికి మందులున్నాయా?

జవాబు (పిల్లల మనస్తత్వ నిపుణురాలు):
ముందు పాప సంగతి. వాంతులైనా, మత్తుగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇకపై ఇద్దరినీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలవద్దు. స్నానాల గదికి వెళ్లినా పాప మీ చంకలోనే ఉండాలి. కత్తిపీట, ఇస్త్రీపెట్టె అటక మీదికి ఎక్కించండి.

మీ ఉత్తరంలో నన్ను చెంబు కన్నా ఎక్కువ కంగారు పెట్టింది "మాటలు రెండు మూడే" అన్న ముక్క. ఈ వయసుకు చిన్న చిన్న వాక్యాలు రావాలి. వాళ్ల నాన్న సంగతి పక్కన పెట్టి, ముందు వినికిడి పరీక్ష చేయించండి. టీవీ పాటకు తల తిప్పుతున్నాడు కదా అనుకోవద్దు, కర్ణభేరి వెనక నీరు చేరినా శబ్దం వినిపిస్తుంది, మాట స్పష్టంగా అందదు. ఆ తర్వాత ఆటిజం, ఎదుగుదల పరీక్షలు. జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రం) ఇవి ఉచితం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కిందివే ఆ కేంద్రాలు.

వెళ్లేలోపు ఒక నోటుపుస్తకం పెట్టండి. కొట్టడానికి ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, ఆ వెంటనే వాడికి ఏం దక్కింది, అందులో రాయండి. నేను చూసిన ఒక పిల్లవాడు కొరికినప్పుడల్లా ఇంట్లోవాళ్లు ఫోను చేతిలో పెట్టేవారు. కొరకడం మానడానికి వాడికేం పని?

రెండు మూడేళ్ల వయసులో కొట్టడం, నెట్టడం అందరు పిల్లల్లోనూ ఎక్కువే. మాట వచ్చేకొద్దీ తగ్గుతుంది. రౌడీ అవుతాడని బెంగ వద్దు. ఈ వయసులో చికిత్స ఎక్కువగా తల్లిదండ్రులకే. అమెరికాలో షీలా ఐబర్గ్ రూపొందించిన పద్ధతిలో తల్లి బిడ్డతో ఆడుతుంటే నిపుణులు అద్దం వెనక నుంచి చూస్తూ ఆమె చెవిలోని ఇయర్‌ఫోను ద్వారా సూచనలు ఇస్తారు. ఆటిజంలో చిరాకుకు వాడే రిస్పెరిడోన్ అనే మందుకు అమెరికాలో అనుమతి ఉన్నది కూడా అయిదేళ్లు దాటినవారికే. మందు మాట ఇప్పుడే వద్దు. మీ ఆయనకు చెప్పండి, కొట్టవద్దని కొట్టి నేర్పడం కుదరదు.

జవాబు (కరీంనగర్ నుంచి ఒక తండ్రి):
మా అమ్మాయికి చెవిలో నీరే. చికిత్స అయ్యాక మాటలు పెరిగాయి, గిల్లడం తగ్గింది. అందరికీ ఇదే కారణమని కాదు, పరీక్ష మాత్రం మానవద్దు.

ప్రశ్న అడిగిన తల్లి:
వెళ్తాం. పాప బాగానే ఉంది. కానీ డాక్టరు మాటెత్తితే అత్తగారు "పిల్లవాడికి పిచ్చి అంటగడతావా" అంటున్నారు.

జవాబు (నిపుణురాలు):
ఆ పుస్తకం ఆవిడకే అప్పగించండి. పగలంతా వాడి వెంట ఉండేది ఆవిడే కదా. రాయడం కష్టమైతే సాయంత్రం చెప్పించుకుని మీరు రాయండి. కేంద్రానికి ఆవిడనూ తీసుకెళ్లండి, మొదట చెవి పరీక్షకే అని చెప్పండి. అది నిజమే కూడా.