సమస్యాపూరణం: మంటల్లో పిట్ట

సమస్య (పొసగనట్టు కనిపించే ఈ చివరి పాదానికి ముందు మూడు పాదాలు రాసి అర్థం కుదర్చాలి): "మంటలందు పిట్ట మధువు గ్రోలె"

ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్య, రెండు ఇంద్ర గణాలు (గురులఘువుల గుంపులు). సరి పాదాల్లో ఐదు సూర్య గణాలు. నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి. విశాఖపట్నం పక్కనున్న కంబాలకొండను మనసులో పెట్టుకుని పూరించండి. 2002లో అభయారణ్యమైన, దాదాపు 71 చదరపు కిలోమీటర్ల అడవి అది. కార్చిచ్చు వద్దు; కార్చిచ్చులో పిట్ట తేనె తాగదు.

మధురవాడ నుంచి వచ్చిన పూరణ:

ఆకు రాల్చి నిలిచె నడవి మోదుగ చెట్టు
కొమ్మ కొమ్మ నిండ గుబురు పూలు
ఎఱ్ఱ నిప్పు కణము లెగసినట్లుండఁగా
మంటలందు పిట్ట మధువు గ్రోలె

విమర్శ: ఆకురాల్పుతో మొదలుపెట్టడం చక్కగా ఉందండీ. ఫిబ్రవరి, మార్చిలో ఆకు అడ్డం లేకపోవడం వల్లే మోదుగ అంత దూరానికీ కనబడుతుంది. పువ్వుకు వాసన లేదు, రంగు చూసే పిట్టలు వస్తాయి. చిలుక ముక్కులా వంగిన రేకులో కేసరాలు దాగి ఉంటాయి. తేనె కోసం ముక్కు దూర్చిన పిట్టకు పుప్పొడి అంటుతుంది. ఒక్కటే లోపం: కణాలు మంటలు కావు. "ఎఱ్ఱ నిప్పు నాల్క లెగసినట్లుండఁగా" అంటే గణాలూ యతీ చెడవు, సమస్యకూ అతుకుతుంది.

భీమిలి నుంచి:

నాభి తీగ పూచె నడి వేసవి దినాన
ఆరు రేకు లన్ని యగ్గి వోలె
పైకి వంగి విరిసి పసుపు నెఱుపు గాఁగ
మంటలందు పిట్ట మధువు గ్రోలె

విమర్శ: మూడో పాదం చాలా బాగుంది, అడవినాభి సరిగ్గా అలాగే విరుస్తుంది, అడుగున పసుపు, అంచున ఎరుపు, వాడేనాటికి అంతా ఎరుపే. కాలమే తప్పింది. నడి వేసవిలో దుంప మట్టిలో నిద్రపోతుంది. వానలు పడ్డాకే మొలక, ఆకు కొనలే నులితీగలై పక్క పొదను పట్టుకుని పైకి పాకి, ఆ తర్వాత పూత. "నాభి తీగ పూచె నల్ల మబ్బుల నీడ" అనండి. వానకారులో మంట అనేసరికి విరోధం ఇంకా పదునెక్కుతుంది. చూడబోయేవారు దుంప తవ్వకండి. మొక్కంతా విషమే, దుంపలో మరీ ఎక్కువ.

గోపాలపట్నం నుంచి రెండో పాదం మాత్రం: "కొండగోగు పూచెఁ గోనలోన"

విమర్శ: యతి కుదిరింది, పువ్వు కుదరలేదు. కొండగోగు పువ్వు పసుపు, పైగా అందులో తేనె ఉండదు. తుమ్మెదలు పుప్పొడి కోసమే వాలతాయి. ఎర్రబూరుగలో ఎరుపూ ఉంది, తేనె కూడా దండిగా ఉంది: "బూరుగొకటి పూచెఁ బుట్ట పొంత". మిగతా రెండు పాదాలూ మీరే రాయండి.