కేబినెట్ టేబుల్ సా కొనేముందు ఏం చూడాలి?

చెక్కపొట్టు:
నా చిన్న జాబ్‌సైట్ సా (మోసుకెళ్ళే టేబుల్ రంపం) మీద రెండంగుళాల గట్టి చెక్క చీలుస్తుంటే మోటారు మూలుగుతోంది, అంచు నల్లగా మాడుతోంది. ఇక కేబినెట్ సా (మూసిన పెట్టె మీద నిలబడే బరువైన టేబుల్ రంపం) కొనేద్దామనుకుంటున్నా. 3 హార్స్‌పవర్ చాలా, 5 కావాలా?

పాతరంపం:
10 అంగుళాల బ్లేడుకి 3 చాలండి, రోజంతా మందపాటి చెక్కే చీలుస్తారంటే తప్ప 5 దండగ. ముందు ఫెన్స్, అంటే చెక్కని ఆనించి తోసే పక్క పట్టీ, చూడండి. లాక్ చేసి పక్కకి గట్టిగా నెట్టండి, జరిగిందా, ఆ మిషన్ వద్దు. నేను అది చూడకుండా కొని, ఏడాదిపాటు ప్రతి కోతకీ టేపు పెట్టి కొలుచుకున్నాను! ఇంకోటి, వీటిలో ట్రనియన్లు (బ్లేడు యంత్రాంగాన్ని మోసే దిమ్మలు) కేబినెట్‌కే బిగించి ఉంటాయి కాబట్టి, బ్లేడుకి మైటర్ గాడి (టేబుల్ మీద అడ్డకోత గైడు జారే గాడి) సమాంతరంగా లేకపోతే పైనున్న టేబుల్ బోల్టులు వదులు చేసి జరుపుకుంటే సరిపోతుంది.

కొయ్యగుర్రం:
రైవింగ్ నైఫ్ (బ్లేడు వెనకే ఉండి చీలిన చెక్కని విడిగా ఉంచే రేకు) లేని పాత మిషన్ ఎంత చవగ్గా వచ్చినా నేనైతే తీసుకోను. చీలిన చెక్క మళ్ళీ మూసుకుని బ్లేడుని పట్టేసిందంటే ముక్క మన మీదకే ఎగిరొస్తుంది. బడ్జెట్ ఉంటే సాస్టాప్ కంపెనీ రంపం చూడండి, వేలు తగిలితే 5 మిల్లీసెకన్లలోపే బ్లేడు ఆగుతుంది. కాకపోతే ఆ బ్రేకు ఒక్కసారి పేలిందంటే దాని కార్ట్రిడ్జి మార్చాల్సిందే, బ్లేడు కూడా దాదాపు పోయినట్టే. బాగా తడిగా ఉన్న చెక్కకి కూడా పేలొచ్చు, జాగ్రత్త.

చెక్కపొట్టు:
ఫెన్స్ సంగతి నాకసలు తట్టనేలేదు. రేపే వెళ్ళి నెట్టి చూస్తా.