ఎరేజ్ సక్సెస్ అంటుంది, వెరిఫైలో ఎర్రర్: బయోస్ చిప్ పోయినట్టేనా?

నిద్రలేని_బోర్డు:

అన్నలూ, మూడు రోజులుగా ఒకే చిప్‌తో కుస్తీ పడుతున్నా. ల్యాప్‌టాప్ బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ సగంలో ఆగిపోయింది. అప్పట్నుంచి పవర్ లైట్ వెలుగుతుంది, ఫ్యాన్ రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగానే. బోర్డు మీదున్నది విన్‌బాండ్ 25క్యూ64, ఎనిమిది కాళ్ల చిప్. సీహెచ్341ఎ ప్రోగ్రామర్ (యూఎస్‌బీతో చిప్‌ని చదివి రాసే పరికరం, నల్ల బోర్డుది), దానికో క్లిప్ తెచ్చుకుని, చిప్‌ని ఊడదీయకుండా బోర్డు మీదే రాద్దామని చూశా.

డిటెక్ట్ నొక్కితే ఒకసారి ఐడీ (చిప్ రకం చెప్పే కోడ్) ఈఎఫ్ 40 17 అని వస్తుంది, మళ్లీ నొక్కితే ఎఫ్‌ఎఫ్ ఎఫ్‌ఎఫ్ ఎఫ్‌ఎఫ్. క్లిప్‌ని కాస్త అటూ ఇటూ కదిపితే మళ్లీ సరైన ఐడీ. అలా వచ్చినప్పుడు ఎరేజ్ కొడితే రెండు సెకన్లలో సక్సెస్ అంటుంది. బ్లాంక్ చెక్ చేస్తే ఖాళీ లేదంటుంది, ఎక్కువసార్లు హెక్స్ 10 అడ్రస్ (అంటే 17వ బైట్) దగ్గరే ఆగుతుంది. పోనీలే అని రాస్తే నూరు శాతం అయిపోయిందని చూపించి, వెరిఫైలో (రాసిందాన్ని ఫైల్‌తో పోల్చేటప్పుడు) మొట్టమొదటి బైట్‌కే ఎర్రర్ కొడుతుంది. పదిసార్లకు పైనే చేశా, అదే వరస.

ఫైల్ కంపెనీ సైట్ నుంచి దించిందే. సైజు 8390656 బైట్లు. ఫైల్ చిప్ కన్నా పెద్దగా ఉందని సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పింది, ఓకే కొట్టేశా. చిప్ పోయిందంటారా? కొత్తది తెప్పించుకోవాలా?

పిన్_ఒకటి:

ముందు ఆ ఎరేజ్ బటన్ మీద నుంచి చెయ్యి తీసేయండి. పాత డేటా రీడ్ చేసి దాచుకున్నారా లేదా? మీ పోస్ట్‌లో రీడ్ అన్న మాటే కనపడలేదు.

రాగితీగ:

చిప్ పోయింది బ్రో. కొత్తది వేసేయ్, అయిపోతుంది.

నిద్రలేని_బోర్డు:

@పిన్_ఒకటి, లేదన్నా. ఎలాగూ పాడైన బయోసే కదా, దాచుకుని ఏం చేస్తాం అనుకున్నా. తప్పు చేశానా?

పిన్_ఒకటి:

తప్పే, కానీ మీ అదృష్టం బాగున్నట్టుంది. ఆ చిప్‌లో ఉండేది ఒక్క బయోస్ కాదు. మొదట్లో డిస్క్రిప్టర్ (చిప్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక), తర్వాత ఎంఈ భాగం (ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ ప్రోగ్రామ్), కొన్ని బోర్డుల్లో మ్యాక్ అడ్రస్, ఇంకెక్కడో సీరియల్ నంబర్ ఉంటాయి. సీరియల్ ఎక్కడ పెట్టాలన్నది ఒక్కో కంపెనీ ఇష్టం. మీ బోర్డుకే చెందినవి ఇవి, సైట్‌లో దొరికే ఫైల్‌లో ఉండవు.

అదృష్టం అని ఎందుకన్నానంటే, బ్లాంక్ చెక్ హెక్స్ 10 దగ్గర ఆగుతోందన్నారు చూడండి. ఇంటెల్ బోర్డుల చిప్‌లో మామూలుగా మొదటి 16 బైట్లు ఎఫ్‌ఎఫ్‌లే (ఖాళీ బైట్లే) ఉంటాయి, సరిగ్గా హెక్స్ 10 నుంచి 5ఎ ఎ5 ఎఫ్0 0ఎఫ్ అనే నాలుగు బైట్లు మొదలవుతాయి. డిస్క్రిప్టర్ గుర్తు అదే. అంటే మీరు పదిసార్లు ఎరేజ్ కొట్టినా పాత డేటా అలాగే కూర్చుని ఉంది! మీ ఫైల్ కూడా దాంట్లోకి ఎక్కలేదు. దేవుడికి దణ్ణం పెట్టుకుని, స్థిరంగా రీడ్ అయ్యేదాకా రాసే పని మానేయండి.

టంకంపొగ:

పైన చెప్పింది కరెక్ట్. @రాగితీగ, ఐడీ వస్తూ పోతూ ఉందంటే చిప్ బతికే ఉంది, అనుమానించాల్సింది క్లిప్‌నీ కరెంటునీ.

బోర్డు మీదున్న చిప్‌కి క్లిప్ పెట్టినప్పుడు 3.3 వోల్టులు ఆ చిప్ ఒక్కదానికే పోవు. అదే లైన్ మీదున్న చిప్‌సెట్, ఇంకా నాలుగు భాగాలు ఆ కరెంటు తాగేస్తాయి. ప్రోగ్రామర్ మీదున్న చిన్న రెగ్యులేటర్‌కి అంత ఓపిక ఉండదు. క్లిప్ పెట్టి, యూఎస్‌బీ గుచ్చి, చిప్ 8వ కాలికీ 4వ కాలికీ మధ్య మీటర్ పెట్టి చూడండి. ఈ చిప్‌కి 2.7 నుంచి 3.6 వోల్టులు ఉండాలి. అంతకన్నా తక్కువైతే ఐడీ లాంటి చిన్న పని ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, మిగతావాటి మీద నమ్మకం పెట్టుకోలేం.

ఇంకోటి. చిప్‌సెట్‌కి కూడా సగం ప్రాణం వచ్చిందంటే అది కూడా అదే డేటా లైన్ల మీద మాట్లాడటం మొదలెడుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే వినేవాడికి ఏం అర్థమవుతుంది? ఛార్జర్, బ్యాటరీ, కాయిన్ సెల్ మూడూ తీసే ఉన్నాయా? కేబుల్ ఎంత పొడవు? పది సెంటీమీటర్లు దాటితే నాకైతే అనుమానమే.

నల్ల బోర్డు గురించి కూడా ఒక మాట. వాటిలో చాలావాటికి చిప్‌కి వెళ్లే సప్లై 3.3 వోల్టులే అయినా డేటా లైన్లు 5 వోల్టులకి దగ్గరగా వస్తాయి, ఎందుకంటే సీహెచ్341ఎ తనే 5 వోల్టుల మీద నడుస్తుంటుంది. మీ చిప్ ఇన్నాళ్లు ఓర్చుకుంది, అటువైపు చిప్‌సెట్ కూడా ఓర్చుకుంటుందని గ్యారంటీ లేదు. 1.8 వోల్టుల చిప్ అయితే అడాప్టర్ లేకుండా అసలు ముట్టుకోకూడదు. మీది ఈఎఫ్ 40 17 కాబట్టి 3.3దే. అదే సైజులో 1.8ది అయితే ఈఎఫ్ 60 17 అని వచ్చేది.

నిద్రలేని_బోర్డు:

మీటర్ పెట్టా. క్లిప్ లేకుండా ప్రోగ్రామర్ సాకెట్ దగ్గర 3.3 ఉంది, క్లిప్ బోర్డుకి తగిలించగానే 2.3! కాయిన్ సెల్ కూడా తియ్యలేదు, సిగ్గుగా ఉంది. తీశాక 2.4 అయింది, అంతే.

ఇక ధైర్యం చేసి చిప్ ఊడదీసేశా. హాట్ ఎయిర్ పెట్టడం జీవితంలో ఇది రెండోసారి. చుట్టూ వేడిని తట్టుకునే టేప్ వేసి, ఫ్లక్స్ బాగా పూసి, చిప్ దానంతట అది కదిలేదాకా ఆగా, పట్టకారుతో లాగలేదు. చుక్క ఉన్న మూల ఒకటో కాలు కదా, ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే మొదలెట్టా.

సాకెట్ అడాప్టర్‌లో పెట్టాక ఐడీ ఇరవైసార్లు నొక్కినా ఈఎఫ్ 40 17నే. మూడుసార్లు రీడ్ చేసి పోల్చా, మూడింటి చెక్‌సమ్ ఒకటే. పిన్_ఒకటి అన్న చెప్పినట్టే హెక్స్ 10 దగ్గర 5ఎ ఎ5 ఎఫ్0 0ఎఫ్ కనపడింది! ఆ బైట్లు చూడగానే అరిచేశా, ఇంట్లోవాళ్లు కంగారుపడ్డారు.

కానీ ఎరేజ్ మాత్రం ఇప్పటికీ అవ్వట్లేదు. రీడ్ చేసిన డేటాని (డంప్‌ని) రెండు చోట్ల దాచాకే కొట్టా, తిట్టకండి. రెండు సెకన్లలో సక్సెస్, మళ్లీ చూస్తే పాత డేటానే. 3.3 సరిగ్గా ఉంది, వైర్లు లేవు, ఇంకేం మిగిలింది?

టంకంపొగ:

ఆ రెండు సెకన్లే చెబుతున్నాయి. 8 మెగాబైట్ల చిప్ మొత్తం తుడవడానికి మామూలుగా 20 సెకన్ల వరకూ పడుతుంది, డేటాషీట్ ప్రకారం ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. రెండు సెకన్లలో అయిందంటే చిప్ ఆ కమాండ్‌ని పట్టించుకోలేదన్నమాట. సాఫ్ట్‌వేర్ కమాండ్ పంపి, చిప్ బిజీగా ఉందా అని అడుగుతుంది. అసలు పనే మొదలెట్టని చిప్ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది కదా, దాన్ని చూసి పని అయిపోయిందనుకుంటుంది.

స్టేటస్ రిజిస్టర్ (చిప్ తన స్థితినీ తాళాలనీ గుర్తుపెట్టుకునే చిన్న చోటు) చదివి మొదటి బైట్ ఎంతుందో చెప్పండి.

నిద్రలేని_బోర్డు:

1సి అని చూపిస్తోంది.

టంకంపొగ:

దొరికింది. 1సి అంటే బీపీ0, బీపీ1, బీపీ2 (బ్లాక్ ప్రొటెక్ట్) మూడు బిట్లూ 1లో ఉన్నాయి, చిప్ మొత్తానికీ తాళం. ఒక్క బ్లాక్‌కి తాళం ఉన్నా ఫుల్ ఎరేజ్ జరగదు. పైగా ఈ బిట్లు కరెంటు తీసినా పోవు, అందుకే చిప్ ఊడదీసినా అలాగే ఉన్నాయి. మొదట్నుంచీ ఉన్నవి మాత్రం కావు, ఉంటే మీ బయోస్ అప్‌డేట్ సగం దాకా కూడా వెళ్లేది కాదు. 2.3 వోల్టుల్లో మీ టూల్ పంపిన కమాండ్ ఏదో చిప్‌కి ఇంకోలా వినపడి, దాన్ని అది స్టేటస్ రిజిస్టర్‌లో రాసేసుకుని ఉంటుందని నా అంచనా. ఒకరకంగా ఆ చెత్త కమాండే మీ డేటాని కాపాడింది.

అన్‌ప్రొటెక్ట్ ఆప్షన్ ఉంటే కొట్టండి, లేదా స్టేటస్ రిజిస్టర్‌లో 00 రాసి మళ్లీ చదవండి. అదే 9సి అని ఉంటే పైన ఎస్‌ఆర్‌పీ బిట్ (స్టేటస్ రిజిస్టర్‌కే వేసే తాళం) కూడా పడ్డట్టు, అప్పుడు 3వ కాలు, అంటే రైట్ ప్రొటెక్ట్ కాలు, 3.3కి కలిపి ఉందో లేదో చూసుకోవాల్సి వచ్చేది. మీకు ఆ తలనొప్పి లేదు.

పిన్_ఒకటి:

రాసేముందు ఫైల్ సంగతి. 25క్యూ64 అంటే 64 మెగాబిట్లు, 8388608 బైట్లు. మీ ఫైల్ 8390656. తేడా సరిగ్గా 2048. ముందు 2048 బైట్ల హెడర్ తగిలించి ఉంది, అది అప్‌డేట్ ప్రోగ్రామ్ కోసం, చిప్ కోసం కాదు. అలాగే రాస్తే ప్రతి బైటూ 2048 స్థానాలు పక్కకి జరిగి, చివర్లో అంతే తెగిపోతుంది. బోర్డు స్టార్ట్ అయ్యేటప్పుడు మొదటి సూచన కోసం చూసేది చిప్ చివర్లోనే, కాబట్టి రాసినా లాభముండదు. మీ వెరిఫై మొదటి బైట్‌కే ఎందుకు కొట్టుకుందో ఇప్పుడు తెలిసిందా? చిప్‌లో ఎఫ్‌ఎఫ్ ఉంది, మీ ఫైల్‌లో హెడర్ ఉంది.

హెడర్ కోసేసినా మొత్తం ఫైల్ రాయొద్దు. యూఈఎఫ్‌ఐ టూల్‌లో (బయోస్ ఫైల్‌ని భాగాలుగా విప్పి చూపే సాఫ్ట్‌వేర్) కంపెనీ ఫైల్, మీ డంప్ రెండూ తెరిచి, కంపెనీ ఫైల్‌లోంచి బయోస్ భాగం ఒక్కటే తీసి మీ డంప్‌లో దాని చోట పెట్టండి. డిస్క్రిప్టర్, ఎంఈ మీవే ఉండాలి. సీరియల్ నంబర్ పాత బయోస్ భాగంలో ఉంటే అది పోతుంది, కాబట్టి డంప్‌లో ముందే వెతికి ఏ అడ్రస్‌లో ఉందో రాసుకోండి. తయారైన ఫైల్ సైజు 8388608కి ఒక్క బైట్ తేడా వచ్చినా రాయకండి.

నిద్రలేని_బోర్డు:

వచ్చేసింది!!! 00 రాశాక ఎరేజ్‌కి 24 సెకన్లు పట్టింది, అంతసేపు ఊపిరి బిగపట్టా. బ్లాంక్ చెక్ ఓకే, రాశా, వెరిఫై ఓకే. చిప్ మళ్లీ బోర్డుకి అతికిస్తే మొదటిసారి దానంతట అదే రెండుసార్లు రీస్టార్ట్ అయింది, ఇక అంతే అనుకున్నా, మూడోసారి స్క్రీన్ మీద లోగో! సీరియల్ కూడా పాతదే చూపిస్తోంది. ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అన్నా.

ఒక్క డౌట్. ఆ ప్రొటెక్ట్ బిట్లు 00లోనే వదిలేశా, మళ్లీ 1సి పెట్టాలా?

టంకంపొగ:

వద్దు, అలాగే ఉంచండి. బయోస్ తన సెట్టింగులు దాచుకునేది కూడా ఆ చిప్‌లోనే. తాళం వేస్తే బూట్ ఆర్డర్ మార్చినా దానికి దాచుకునే చోటుండదు.

రాగితీగ:

సరే, చిప్ పోలేదు. ఒప్పుకుంటున్నా.